చూపువాడును, చూడవచ్చినవాడును

మన పాఠశాల వార్షిక సంచికకు విజ్ఞానయాత్రను గూర్చి యొక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. యాత్రావృత్తాంతము లెట్లుండునో మనమందర మెరుగుదుము. ఇన్ని గంటలకు బయలుదేరితిమి, ఇచ్చట ఫలాహారము చేసితిమి, అచ్చట ఛాయాచిత్రము తీయించుకొంటిమి, దేవుని కృపవలన సురక్షితముగా ఇల్లు చేరితిమి అని అవి ముగియును. అట్టివి నేనును గడచిన సంచికలలో రెండు మూడు వ్రాసితిని. ఈసారి వ్రాయదలచినది వేరు. సముద్రముల కావల నుండిన యొక అమెరికా దేశస్థుడు తన దేశపు వనములను, కోటలను, శిథిలములను జనులకు చూపు విధమును గూర్చి యొక చిన్న గ్రంథము వ్రాసెను. కృష్ణానది నడుమను నేను చేసిన యొక తప్పును ఆ గ్రంథము నాకు చూపెను. ఆ సంగతియే ఇచ్చట విన్నవించుచున్నాను.

పండ్రెండేండ్ల క్రిందటి మాట. తొమ్మిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని నాగార్జునకొండకు పోయితిమి. శిక్షణ కళాశాలలో మాకు పాఠ్యప్రణాళిక వ్రాయుట బాగుగా నేర్పిరి. ఉద్దేశము, ఉపకరణములు, ప్రశ్నలు, పునర్విమర్శ అని గళ్లు గీచి వ్రాసెడివారము. ఆ యలవాటు చొప్పున యాత్రకు ముందు వారము రోజులు కూర్చుండి నేను పదునాలుగు పుటల పాఠము సిద్ధము చేసితిని. లాంచీ రేవు విడిచిన వెంటనే దాని నడుమ నిలుచుండి చదువ నారంభించితిని. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. వారి కాలము క్రీస్తు శకము 3వ, 4వ శతాబ్దములు. రాజులు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువుల చాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు. పిల్లలు మోకాళ్లమీద పుస్తకము లుంచుకొని వ్రాసుకొనుచుండిరి. వారిలో నెందరు నా మాట వినుచుండిరో, ఎందరు ఇంజను చప్పుడు వినుచుండిరో నే నరయలేదు.

ఒక బాలుడు మాత్రము వ్రాయుటలేదు. వాడు లాంచీ యంచున వంగి నీటివైపు చూచుచు, ఒక ఖాళీ సీసాను చేతబట్టుకొని నీటి నందుకొనుటకు యత్నించుచుండెను. నేను పోయి వాని చొక్కాపట్టి వెనుకకు లాగితిని. అంతవరకు నేను చేసినది సరియే. ఆ నీటిలో పడినవానిని తల్లిదండ్రులకు నేను తిరిగి యియ్యగలనా? కాని యంతటితో నేను నిలువలేదు. తరగతి యంతయు వినునట్లు, నీవంటి వానిని కొండకు తెచ్చుటకంటె బండకు పాఠము చెప్పుట మేలంటిని. సీసా లాగికొని, ఆ రాత్రి బసలో నలుగురు రాజుల పేర్లను ఇరువదిసారులు వ్రాయించితిని. ఆ సీసా ఎందులకని వాని నడుగవలెనను తలంపు నాకు కలుగనే లేదు. వాడును చెప్పలేదు. తక్కిన పిల్లలు నవ్విరి. ఆ నవ్వు నాకప్పుడు నా పాండిత్యమునకు సాక్ష్యముగా తోచినది.

ఆ సంవత్సరమే క్రిస్మసు ముందు, వాడుక చొప్పున రాత్రులు ఇంటింటికి పోయి కీర్తనలు పాడుచుండగా ఆ బాలుని ఇల్లు తగిలెను. వాని నాయనమ్మ మాకు కాఫీ ఇచ్చి, నన్ను ప్రక్కకు పిలిచి ఇట్లనెను: "అయ్యగారూ, పడవమీద మావోడు సీసాడు నీళ్లు పట్టుకోబోతే మీరు కసిరినారంట గదా. తప్పు వాడిది కాదయ్యా, నాది. నేనే తెమ్మన్నా."

పిమ్మట ఆమె చెప్పిన సంగతి ఇది. ఆ లోయలోని యొక పల్లెలో ఆమె పుట్టెను. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిరి. ఆ రెంటి నడుమ పల్లెలవారు బండ్లమీద మంచములు, ధాన్యపు బస్తాలు, కోళ్ల గంపలు వేసికొని మెట్టకు తరలిపోయిరి. అప్పుడామె పదియేండ్ల పిల్ల. ఇంటిముందర చింతచెట్టు, దాని ప్రక్కను బావి యుండెనని చెప్పెను. ఆ బావినీరు ఇప్పుడు ఆ పెద్దనీటిలో కలిసియే యుండును గదాయని, ఒక సీసాడు తెచ్చిపెట్టుమని మనుమని కోరెను. ఆ లాంచీలో నున్నవారందరిలో ఆ నీటిని నిజముగా చూచుచుండినవాడు వాడొక్కడే. వానినే నేను బండ యంటిని.

నాకా రాత్రి కీర్తనలు నోట రాలేదు.

కొన్ని సంవత్సరములకు, నాతో శిక్షణ కళాశాలలో చదివి అటుపిమ్మట అమెరికాలో స్థిరపడిన స్నేహితు డొకడు సెలవులకు వచ్చుచు నాకొక పుస్తకము తెచ్చెను. దాని పేరు 'ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్'. 'మన వారసత్వమునకు వ్యాఖ్యానము' అని తెలిగింపవచ్చును. గ్రంథకర్త ఫ్రీమన్ టిల్డెన్ గారు. వనపాలకులకును, మ్యూజియములలో దారిచూపువారికిని వ్రాసిన పుస్తకము బడిపంతులున కెందుల కని మొదట దానిని బీరువాలో నుంచితిని. ఒక వేసవిలో తీసి చదువగా, మొదటి యధ్యాయములలోనే ఆ బాలుడు, ఆ సీసా నా కన్నులయెదుట నిలిచెను.

టిల్డెన్ గారు 1883వ సంవత్సరమున మసాచుసెట్స్ రాష్ట్రములోని మాల్డెన్ పట్టణమున జన్మించెను. ఆయన వృక్షశాస్త్రజ్ఞుడు కాడు, పురావస్తు పండితుడును కాడు. వార్తాపత్రికలలో విలేఖరిగా పనిచేసి, కథలు, నవలలు, నాటకములు వ్రాసి జీవించినవాడు. అరువదియేండ్ల ప్రాయము సమీపించువేళకు కల్పనాకథలయందు విసుగు పుట్టగా, అప్పటి జాతీయ వనముల శాఖాధిపతియగు న్యూటన్ డ్రూరీగారి స్నేహము వలన వనముల మార్గము పట్టెను. వనవనమునకు తిరిగి, చూడవచ్చినవారిని, చూపువారిని పరికించి, 1951లో జాతీయ వనములనుగూర్చి యొక పెద్ద పుస్తకమును, 1957లో నేను చెప్పుచున్న ఈ చిన్న పుస్తకమును వెలువరించెను. అప్పటికి ఆయనకు డెబ్బదిమూడేండ్లు దాటెను. 1980లో, తొంబదియారేండ్ల వయస్సున పరమపదించెను. నలువదేండ్లకే మాకింక క్రొత్త యేమి యబ్బునని మూలుగు నావంటి యుపాధ్యాయులు ఈ లెక్క చూచి సిగ్గుపడవచ్చును.

ఆ దేశమున వనములను ప్రజలకొరకు కాపాడు పద్ధతి 1872లో ఎల్లోస్టోన్ తో మొదలయ్యెను. వానినన్నిటిని పాలించుటకు 1916లో ఒక ప్రత్యేక శాఖ యేర్పడెను. చూడవచ్చినవారికి దారిచూపుట యొక వృత్తి కావలెనని టిల్డెన్ గారికి పూర్వమే తలంచినవారు లేకపోలేదు. కొలొరాడో పర్వతములలో ఈనాస్ మిల్స్ అను నాయన యాత్రికులను కొండలపైకి కొనిపోవుచు, ఆ యనుభవముతో 1920లో ఒక పుస్తకము వ్రాసెను. అయినను ఆ పనికి మూలసూత్రములు వెదకి, అందరు పట్టుకొని నడచుటకు వీలుగా వ్రాసిపెట్టినవాడు టిల్డెన్ గారే. నేటికిని ఆ పనివారు ఆయన పుస్తకమును దగ్గర నుంచుకొందురు.

ఆయన సూత్రములు ఆరు. అన్నిటిని వరుసగా వ్రాసిన ఇదియు నా పదునాలుగు పుటల పాఠమువలె నగును గనుక, నన్ను పట్టి యాపినవానినే చెప్పెదను.

చూపబడు వస్తువునకును, చూచువాని స్వభావమునకో యనుభవమునకో ఎచ్చటనైన ముడి పడనియెడల, చెప్పినదంతయు గొడ్డువోవునని మొదటి సూత్రము. ఇందుకు ఆయన చూపిన యుదాహరణములలో నొకటి నాకు మిక్కిలి నచ్చినది. టెక్సాస్ రాష్ట్రములోని యొక మ్యూజియమున పూర్వకాలపు మహాగజముల నమూనాలు కలవు. వానిక్రింద వ్రాసినవారు ఎముకల కొలతలతో తృప్తిపడక, ఆ గజములు మేత మేసినది బహుశః నీవిప్పుడు నిలుచున్న ఈ చోటనే యని భావము వచ్చునట్లు వ్రాసిరట. చదువువాడు వెంటనే తన కాళ్లవైపు చూచుకొనును గదా! వేలయేండ్లు ఒక్క వాక్యముతో తరిగిపోయినవి. నేను లాంచీలో చేయవలసినది అదియే. మనము తేలుచున్న ఈ నీటిక్రింద పొలములు, బావులు, చింతచెట్లు ఉండెను. వానిక్రింద మరల విజయపురి యుండెను అని యొక్కమాట యనియుండిన, ఆ బాలుడు తానే లేచి తక్కిన పాఠము చెప్పియుండునేమో.

వివరములు వ్యాఖ్యానము కాజాలవని రెండవ సూత్రము. వివరములు లేక వ్యాఖ్యానము లేదు. కాని వివరములను దాటి వాని వెనుకనున్న యర్థమునకు తెర తీయుటయే వ్యాఖ్యాన మని ఆయన యభిప్రాయము. మన తెలుగు పండితులకు ఇది క్రొత్త కాదు. పద్యమునకు ప్రతిపదార్థము వేరు, తాత్పర్యము వేరు. ప్రతిపదార్థము తప్పులేక చెప్పి, తాత్పర్యము దగ్గర గంట కొట్టగానే పుస్తకము మూసినవాడు పద్యము చెప్పినట్లా? నేను నాగార్జునకొండకు ఆ దినమున ప్రతిపదార్థము మాత్రమే చెప్పితిని.

చూపువాని ముఖ్యోద్దేశము బోధించుట కాదు, వినువానిలో తెలిసికొనవలెనను ఆకలిని రేపుట యని మరియొక సూత్రము. మొదట చదివినప్పుడు నాకు కోపము వచ్చెను. బోధించుటకే కదా నాకు జీతమిచ్చుచున్నారు! కాని మన ప్రభువు చేసిన దేమి? జాలరులకు వలను, సేద్యగాండ్రకు విత్తనమును, రొట్టె కాల్చు స్త్రీలకు పులిపిండిని చూపి, అంతటితో వదలి, తక్కినది వినినవారి మనస్సులో పొంగుటకు విడిచెను. ఇరువదియేండ్లుగా ఉపమానములు బోధించుచున్న నేను వాని పద్ధతిని గమనింపకుంటిని.

కళ యెంతోకొంత నేర్పదగినదే యనునదియు, ముక్కలు గాక సమగ్రమును చూపవలెననునదియు మంచి మాటలే కాని వానినిగూర్చి నేను చెప్పవలసిన దేమియు లేదు. పిల్లలకు చెప్పునది పెద్దలకు చెప్పినదానికే నీళ్లు కలిపి పలుచన చేసినది కారాదు, దాని యెత్తుగడయే వేరుగా నుండవలెనని చివరి సూత్రము. ఆయన తలచిన పిల్లలు ఇంచుమించు పండ్రెండేండ్ల లోపువారు. మన క్రింది తరగతుల చరిత్ర పుస్తకములలో గొన్ని చూచినచో, పాలు లేని నీళ్లకే మరల నీళ్లు కలిపినట్లుండును.

ఇట్లు పొగడుచున్నను, ఆక్షేపింపక విడువలేనిది యొకటి కలదు. టిల్డెన్ గారి యాత్రికుడు సెలవు దినమున తన యిష్టముతో వచ్చినవాడు, విసిగిన వెడలిపోగలడు. నా విద్యార్థి వరుసలో నిలువబడి వచ్చినవాడు. వెనుక పరీక్ష పొంచియుండును. ఈ భేదము చిన్నది కాదు. మరియొకటి. ఎల్లోస్టోన్ ప్రాంతమున వేటాడి బ్రదికిన షోషోనీలు మొదలగు ఆదివాసులు, అది జాతీయ వనమైన పిమ్మట అచ్చటినుండి తొలగింపబడిరి. చూడవచ్చినవానినిగూర్చి యింత శ్రద్ధగా వ్రాసిన గ్రంథములో, వెడలగొట్టబడినవానినిగూర్చి నాకు చాలినంత కనబడలేదు. ఆ వృద్ధురాలి మాట వినకముందు ఈ లోపము నాకును తోచియుండదు.

కాలములు కలియుట యెంత చిత్రముగా నుండును! 1957లో ఆ పుస్తకము వెలువడుచున్న దినములలోనే నాగార్జునకొండ లోయలో నీరు రాకముందే పని ముగింపవలెనని డాక్టరు ఆర్. సుబ్రహ్మణ్యంగారి యాధిపత్యమున త్రవ్వకములు సాగుచుండెను. అవి 1954 మొదలు 1960 వరకు జరిగెను. బయల్పడినవానిలో కొన్నిటిని కొండమీదికిని, కొన్నిటిని ఒడ్డుననున్న అనుపునకును తరలించి మరల నిలిపిరి. ఇచ్చట నొక ముచ్చట చెప్పక తప్పదు. ఆ లోయలోని ప్రాచీన స్తంభమును చూచి 1926లో ప్రభుత్వమునకు తెలియజేసినవారు సూరపరాజు వెంకటరామయ్యగారను నొక బడిపంతులు! పురావస్తు శాఖవారు అటుపిమ్మట వచ్చిరి. ఆయన పేరు నా పదునాలుగు పుటలలో లేదు. రాజుల పేర్లు నాలుగును కలవు.

పుస్తకము చివరిభాగమున టిల్డెన్ గారు, తాను చెప్పిన ఆరు సూత్రములును నిజమునకు ఒక్కదానిలో నణగియున్నవేమోయని సందేహించి, ఆ యొక్కటి ప్రేమయని వ్రాసెను. చూపు వస్తువుమీద ప్రేమ, చూడవచ్చిన మనుష్యునిమీద ప్రేమ. వస్తువుమీద ప్రేమ నాకు కొదువలేదు. ఇక్ష్వాకుల శాసనములు చదువుటకు బ్రాహ్మీలిపి నేర్చుకొన యత్నించినవాడను. రెండవదానియందే నేను తప్పితిని. యెహోషువ గ్రంథము నాల్గవ యధ్యాయమును నేనెన్నిసారులు చదివియుందును! యొర్దాను నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలిపినది, ముందుకాలమున పిల్లలు ఈ రాళ్లేమని అడుగుటకొరకు. మొదట అడుగవలసినది పిల్లలు. నేను వారిని అడుగనిచ్చితినా?

ఆ బాలుని వెదకికొని పోయితిని. అప్పటికి వాడు పాలిటెక్నిక్కులో చదువుచుండెను. జరిగినదంతయు చెప్పి, నాదే తప్పు, క్షమింపుమంటిని. వాడు కలవరపడి, "అయ్యో, అదేమిటండీ" అని చేతులు పట్టుకొనెను. కొంచెము సేపటికి నవ్వి, "ఆ నలుగురి పేర్లు మాత్రం ఇంకా మరవలేదండీ" అనెను. వరుస తప్పక చెప్పెను కూడ. ఆ నవ్వులో నొప్పి యేమాత్రము లేదని నేను ప్రమాణము చేయజాలను.

ఆ యేటి యాత్రకు వాని నాయనమ్మను మాతోకూడ రమ్మని యడిగితిని. మొదట నొల్లక, పిమ్మట కోడలిని తోడు తీసికొని వచ్చెను. కాగితము లేవియు నేను వెంట తీసికొనిపోలేదు. కొండమీది మ్యూజియమున పాలనాటి సున్నపురాతి శిల్పములయొద్ద, వీరపురుషదత్త మహారాజు తన మేనత్త కూతుండ్రను పెండ్లాడెననియు, మరియొక మేనత్త చాంతిశ్రీ మహాచైత్యమునకు స్తంభములు నెత్తించెననియు మాత్రము చెప్పితిని. మేనత్త కూతురను మాట వినగానే బాలురందరు ఒకనివైపు తిరిగి నవ్విరి; వానికెవరో మేనత్త కూతురున్నదట. పదునారు వందల యేండ్లకు పైబడిన రాజు ఆ క్షణమున వారి వీథిలోని వాడయ్యెను. తరువాత ఆ శాసనము లేభాషలో నున్నవని, స్త్రీల కంత ధనమెట్లు వచ్చెనని వారే యడిగిరి. ప్రాకృతమని మొదటిదానికి చెప్పితిని. రెండవదానికి నాయొద్ద సరియైన యుత్తరము లేక, ఇంటికి పోయి చదువవలసివచ్చెను.

తిరుగుప్రయాణమున అవ్వ లాంచీ ముందరిభాగమున కూర్చుండెను. నీటిలో గుర్తులేమియు లేవు. ఆమె కొండలవైపు చూచి, పొద్దు ఫలాని కొండ నెత్తిన గుంకెడిదని, ఆ రెండు కొండల సందు తమ వాకిటినుండి కనబడెడిదని లెక్కించుచు చాలసేపు ఊరకుండి, తుద కొకచోట చేయి చూపెను. లాంచీ నడుపువాడు ఇంజను తగ్గించెను. నేను సీసాకు త్రాడుకట్టి దించి నీరు పట్టి ఆమె చేతికిచ్చితిని. పిల్లలు పుస్తకములు తెరువలేదు. ఆమె చుట్టు చేరి చింతచెట్టునుగూర్చి, బండ్లనుగూర్చి, వదలిన పిల్లులనుగూర్చి అడుగుచుండిరి. వెనుకనుండి యొక బాలిక, "మీ బావి ఎంత లోతవ్వా?" అని యడిగెను.

అవ్వ సీసా మూత బిగించుచు, "అప్పుడా అమ్మా, ఇప్పుడా?" అనెను.